పురిటింటి గడపలో చట్టం

మన బడులలో సామెతలకు అర్థం చెప్పించేటప్పుడు తప్పక వచ్చే సామెత ఒకటున్నది: మంత్రసానితనానికి ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినా పట్టక తప్పదు. పిల్లవాడు లేచి నిలిచి, ఒక పనికి పూనుకొన్నవాడు అందులోని కష్టాన్ని చూచి వెనుదీయరాదని అర్థం చెబుతాడు. ఉపాధ్యాయుడు తల ఊపి తరువాతి సామెతకు పోతాడు. సామెతలో ఉన్న ఆ స్త్రీ ఎవరని అడిగేవారు లేరు. ఏ అర్ధరాత్రి ఎవరు పోయి పిలిచెడివారో, ఆమె చేతిలో ఏమి పెట్టి పంపెడివారో, చివరకు ఆమె ఏమైనదో సామెత చెప్పదు. కొంత చెప్పేవి చట్టాల పుస్తకాలు. వానిని ఈ దృష్టితో చదివినవారు తక్కువ.

ముందు మాట సంగతి చూతము. సాని అనగా స్వామిని. దొరసానిలో ఉన్నదీ మంత్రసానిలో ఉన్నదీ ఆ సానియే. ఇంత గౌరవం గల పేరు పెట్టిన సమాజమే ఆమెను వీధి వాకిట నిలిపి, పెరటి దారిన పురిటిగదికి తీసికొనిపోయినది. తెలుగునాట పెక్కు గ్రామాలలో ఈ వృత్తి మంగలి ఇండ్ల స్త్రీలది. మరికొన్ని చోట్ల మాల, మాదిగ వాడల స్త్రీలది. బిడ్డ నేలమీద పడే క్షణాన ఆమె చేయి లేనిదే గడవదు. మైల తీరి ఇల్లు కడిగిన పిమ్మట ఆ చేయి తగిలిన చెంబును కూడ వేరుగా పెట్టెడివారు.

కోనసీమలో ఈ వృత్తికి మరొక బరువు ఉండెడిది. ఒకవైపు గౌతమి, ఒకవైపు వసిష్ఠ, నడుమ వైనతేయ, దక్షిణాన సముద్రం. అమలాపురం, రాజోలు, కొత్తపేట ప్రాంతాలలో ఒక ఊరినుండి మరొక ఊరికి పోవలెనన్నా కాలువో, పాయో, రేవో అడ్డం వచ్చెడిది. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో ప్రారంభమై 1852లో ముగిసినది. కాలువలు వచ్చి, పడవలు నడిచి, చేలు పండినవి. కాని పొద్దుగూకి నావ కట్టివేసిన తరువాత రేవు రేవే. అవతలి గట్టున వైద్యురాలు ఉన్నా లేనట్లే. నొప్పులు రాత్రివేళ వస్తే ఇవతలి గట్టున ఉన్న మంత్రసానియే వైద్యురాలు, ఆమెయే దాది, ఆమెయే దిక్కు. ఏరు ఎర్రబడి పొంగే శ్రావణ భాద్రపదాలలో లంక గ్రామాల సంగతి చెప్పనక్కరలేదు.

ఆమె పని బిడ్డను పట్టుటతో మొదలు కాదు, అంతటితో ముగియదు. నెలలు నిండుతున్న పిల్లను చూచి, పొట్ట తడిమి, బిడ్డ తల ఎటున్నదో చెప్పెడిది. వచ్చినవి నిజమైన నొప్పులో, ఉత్త నొప్పులో తేల్చెడిది. గదిలో అటూ ఇటూ నడిపించెడిది, గోడకు ఆనించి కూర్చుండబెట్టెడిది, నడుము రాచెడిది, తిట్టెడిది, బుజ్జగించెడిది. తొందరపడకుండుట ఆమె విద్యలో సగం. మాయ పడేవరకు కదలక కూర్చుండెడిది. తరువాత పది దినాలు బాలింతకు వేణ్ణీళ్లు. బిడ్డను కాళ్లమీద పండబెట్టి నలుగు, నీళ్లు, సాంబ్రాణి పొగ. కాయం మింగించి, పథ్యం చెప్పి, పాలు పడినవో లేదో చూచి మరీ పోయెడిది. ఇంతకూ ముట్టేది కుంచెడు బియ్యం, ఒక పాత చీర. మగబిడ్డ అయితే పైన ఒక రూపాయి. ఆడబిడ్డ పుట్టుట ఆమె దోషం కాదు గదా, అయినా కూలి తగ్గెడిది.

ఇదంతా చెప్పి ఆమెను దేవతను చేయుట నా ఉద్దేశం కాదు. బొడ్డు కోసిన కొడవలి, బొడ్డుమీద అద్దిన బూడిద, పేడ, వీనివలన ధనుర్వాతం సోకి వారం పది దినాలలో పోయిన పసికందులకు లెక్క లేదు. ఆ జబ్బు ఎక్కడినుండి వచ్చినదో ఎరుగని ఇండ్లలో దానికి గాలి అనీ దృష్టి అనీ పేర్లు పెట్టినారు. కడగని చేయి లోపలికి పోయి సూతికాజ్వరం తెచ్చినది. బిడ్డ అడ్డం తిరిగితే, రక్తం ఆగకపోతే, మంత్రసాని విద్య అక్కడితో ఆగెడిది. మంచం మీద మోసికొని రేవుకు చేరేలోపల ఎందరు తల్లులు దారిలోనే కన్నుమూసినారో. పాతకాలాన్ని తలచుకొని నిట్టూర్చేవారు ఈ లెక్కను మరువరాదు.

అయితే కడగని చేయి మంత్రసానిది మాత్రమే కాదు. గోదావరికి ఆనకట్ట పని మొదలైన ఆ 1847లోనే వియన్నా నగరపు పెద్దాసుపత్రిలో ఇగ్నాజ్ సెమ్మెల్వైస్ అనే హంగరీ దేశపు వైద్యుడు ఒక వింతను పట్టుకొన్నాడు. ఆ ఆసుపత్రిలో ప్రసూతి విభాగాలు రెండు. ఒకదానిలో వైద్యులు, వైద్యవిద్యార్థులు పురుడు పోసెడివారు, రెండవదానిలో మంత్రసానులు. 1846లో వైద్యుల విభాగంలో నూటికి పదకొండుగురు తల్లులు జ్వరంతో చనిపోగా, మంత్రసానుల విభాగంలో పోయినవారు నూటికి ముగ్గురికి లోపే. విద్యార్థులు శవాలను కోసిన చేతులతో నేరుగా పురిటిగదికి వస్తున్నారనీ, చావులకు అదే మూలమనీ అతడు గ్రహించినాడు. క్లోరిను కలిపిన సున్నపు నీటిలో చేతులు కడిగించగా కొలది నెలలలోనే చావులు పడిపోయినవి. తోటి వైద్యులు అతనిని నమ్మలేదు. పెద్దమనుషుల చేతులు మురికివని ఎవడు ఒప్పుకొంటాడు?

ఈ కథను శాస్త్రపాఠాలలో చెప్పేవారు ఒక భాగాన్ని విడిచిపెడుతూ ఉంటారు. సెమ్మెల్వైస్ కనిపెట్టకముందే వియన్నా నగరంలోని పేదరాండ్రకు ఈ సంగతి తెలుసును. రెండు విభాగాలకు దినాలు వంతులుగా ఉండెడివి. వైద్యుల విభాగపు వంతు వచ్చిననాడు చేర్చబోతే ఆ గర్భిణులు మోకాళ్లమీద పడి, తమను అక్కడికి పంపవద్దని బ్రతిమాలెడివారు. వారి కోరికకు ఒక కారణం ఉండవచ్చునని ఏండ్ల తరబడి ఎవరికీ తోచలేదు. చట్టం పురిటిగదిలో కాలు పెట్టిన ప్రతిసారీ నాకు ఆ మోకరిల్లిన స్త్రీలు జ్ఞాపకం వస్తారు. ఏమి కోరుతున్నావని ఆమెను ఎవరైనా అడిగినారా?

మన ప్రాంతం అప్పుడు చెన్నపట్నపు రాజధానిలోనిది. ఎగ్మూరు ప్రసూతి ఆసుపత్రి 1844లో వెలసినది. 1875లో మద్రాసు వైద్యకళాశాల నలుగురు స్త్రీలను చేర్చుకొన్నది. వారిలో ఒకరైన మేరీ షార్లీబ్ పూనికతో 1885లో ఘోషా స్త్రీల కొరకు ఆసుపత్రి వచ్చినది. అదే ఏట వైస్రాయి భార్య డఫరిన్ పేరిట స్త్రీల వైద్యనిధి ఏర్పడినది. 1903లో కర్జను దొరసాని విక్టోరియా రాణి స్మారకంగా మరొక నిధి పెట్టి, దేశమంతట మంత్రసానులకు శిక్షణ ఇప్పించబూనినది. తెలుగునాట గుంటూరుకు 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచినది. వీరి సేవ గొప్పది. కాని ఆ కాలపు వైద్యుల, దొరసానుల వ్రాతలలో మంత్రసాని అజ్ఞానానికి మారుపేరుగానే కనబడుతుంది. ఆమెకు నేర్పవలసినవి చాలా ఉన్నవని అందరూ తలచినారు. ఆమె వద్ద నేర్చుకొనవలసినది ఏదైనా ఉన్నదా అని తలచినవారు అరుదు.

1926లో మద్రాసు శాసనమండలి నర్సుల, మంత్రసానుల చట్టం చేసినది. ఆ ఏటి 3వ నంబరు చట్టం అది. శిక్షణ పొంది, పరీక్ష నెగ్గినవారి పేర్లు ఒక పట్టికలో ఎక్కించుట, ఆ పట్టికను చూచుకొనుటకు ఒక మండలిని నియమించుట దాని సారాంశం. ఆంధ్ర ప్రాంతానికి ఈ చట్టమే తరువాత సంక్రమించినది. దానిని చేసిన సభలో స్త్రీ ఒక్కరైనా లేరు. తొలి స్త్రీ సభ్యురాలైన డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డి ఆ సభలో ప్రవేశించినది 1927లో. ప్రసవించని వారంతా కూర్చుండి ప్రసవాన్ని గూర్చి చట్టం చేసినారన్న మాట. చట్టం చెడ్డదని నేననను. కడిగిన చేయి, కాచిన కత్తెర ఏ మార్గాన వచ్చినా మంచిదే. కాని చదువురాని లంకగ్రామపు మంత్రసాని పేరు ఆ పట్టికకు ఎక్కే దారి లేదు. తన వృత్తి పేరిట ఒక చట్టం పుట్టినదనీ ఆమెకు తెలిసియుండదు. రాత్రి పిలుపు మాత్రం ఆగలేదు.

స్వాతంత్ర్యం వచ్చిన కొలది నెలలకే, 1947 డిసెంబరు 31న, దేశానికంతటికీ ఒక చట్టం వచ్చినది. దాని పేరు భారత నర్సింగు మండలి చట్టం. అందులో మంత్రసానుల చదువుకు, అర్హతకు నిబంధనలు ఉన్నవి. పేరులో మాత్రం ఆమె లేదు. 1926లో చట్టపు పేరులో నర్సు పక్కన నిలుచున్న స్త్రీ, 1947లో గుమ్మం లోపల ఏ మూలనో ఉండిపోయినది. పేరులో ఏమున్నదని అనవచ్చును. భాష చెప్పే ఉపాధ్యాయులు అట్లనరని నా నమ్మకం.

ఆ తరువాతి దశాబ్దంలో ఆమెను తలచినవారు లేకపోలేదు. 1909లో రాజమండ్రిలో పుట్టి, చిన్ననాడే కాకినాడలో బాలికలకు హిందీ బడి నడిపిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ మండలికి అధ్యక్షురాలైనది. ఆ మండలి పల్లెలలో తెరిచిన కేంద్రాలలో గ్రామసేవికతో పాటు మంత్రసానికి కూడ ఒక స్థానం కల్పించినారు. 1957లో విజయవాడ నుండి లోక్‌సభకు ఎన్నికైన డాక్టరు కొమర్రాజు అచ్చమాంబ ప్రసూతిని గూర్చి, శిశుపోషణను గూర్చి తెలుగులో పుస్తకం వ్రాసి, చదువనేర్చిన ఇల్లాండ్రకు తమ శరీరపు సంగతి తమ భాషలో చెప్పినది. చూలాలికి శాస్త్రం చెప్పవలెనంటే ముందు ఆమెకు అర్థమయ్యే మాట కావలెనని తెలిసిన వైద్యురాలు ఆమె.

1950ల నుండి పల్లెలకు ఏ.ఎన్.ఎం. వచ్చినది. ఆ మూడక్షరాలలో చివరిది మంత్రసానికి గుర్తు: సహాయక నర్సు, మంత్రసాని అని పూర్తి పేరు. తొలినాళ్లలో ఆమె సంచి పట్టుకొని గట్టువెంట నడిచి ఇంటింటా పురుళ్లు పోసినది. 1973లో కర్తార్ సింగ్ సంఘం ఆమెను బహుళ సేవల కార్యకర్తగా మార్చవలెనని సిఫారసు చేసినది. టీకాలు, మలేరియా, పట్టికలు, అన్నిటికీ మించి కుటుంబనియంత్రణ. ఏటేటా ఇన్ని శస్త్రచికిత్సలకు ఇందరిని తేవలెనని పైనుండి లక్ష్యాలు వచ్చెడివి. పురుడు పోయుటకు ఓపిక కావలెను, రాత్రి మేలుకొనవలెను. పట్టిక నింపుటకు పగలు చాలును. పేరులో మంత్రసానితనం మిగిలినది, చేతిలోనిది జారిపోయినది. ఆమెను తప్పు పట్టుటకు లేదు. పై అధికారి అడిగినది ఎన్ని కాన్పులు సుఖంగా అయినవని కాదు.

చట్టం స్త్రీ గర్భాన్ని లెక్కించిన మరొక సందర్భం ఈ కాలంలోనే వచ్చినది. 1994 నాటి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టంలో 19వ విభాగం ప్రకారం, ఇద్దరికి మించి సంతానం గలవారు పంచాయతీ పదవులకు పోటీ చేయరాదు. 1995 మే 30 తరువాత పుట్టిన బిడ్డలకు ఇది వర్తించినది. అదే చట్టం స్త్రీలకు మూడవవంతు స్థానాలు ప్రత్యేకించినది. 2011లో అది సగమైనది. ఒక చేత ఆసనం చూపి, మరొక చేత బిడ్డలను లెక్కపెట్టుట. మగబిడ్డ కావలెనని పట్టుబట్టేది అత్తవారిల్లు, మూడవ కాన్పు మోసేది కోడలు, పదవి పోయేదీ కోడలికే. ఎన్ని ఊళ్లలో ఎన్నికల నామపత్రాల వేళ మూడవ బిడ్డ ఎవరి బిడ్డ అన్న చర్చలు జరిగినవో, ఆ బిడ్డను బంధువులకు దత్తమిచ్చిన కాగితాలు పుట్టినవో, పల్లె రాజకీయాలు చూచినవారికి తెలుసును. జననాలు తగ్గిపోయి, సగటున స్త్రీకి ఇద్దరు బిడ్డలు కూడ లేని కాలం వచ్చిన తరువాత, 2024 నవంబరులో శాసనసభ ఆ నిబంధనను తీసివేసినది. ఎక్కువ కనకూడదన్న ప్రభుత్వమే ఇప్పుడు ఎక్కువ కనవలెనంటున్నది. పెట్టినప్పుడూ తీసినప్పుడూ లెక్క జనాభాదే. కనే మనిషి కోరిక ఏ పక్షంవారి వాదంలోనూ ప్రధానం కాలేదు.

ఇక ఆసుపత్రి కాన్పుల సంగతి. 1992-93లో మన రాష్ట్రంలో ఆసుపత్రిలో జరిగిన కాన్పులు మూడింట ఒక వంతు మాత్రమే. 2005 ఏప్రిల్‌లో జననీ సురక్షా యోజన వచ్చి, ఆసుపత్రిలో కన్న పేద తల్లులకు నగదు ఇచ్చినది. ఆ ఏడే ఆగస్టు 15న 108 వాహనాలు తిరగనారంభించినవి. 2011 నుండి ప్రభుత్వాసుపత్రులలో కాన్పు ఖర్చు తల్లికి లేకుండ చేసినారు. కోనసీమలో వంతెనలు కూడ ఈ పనిలో పాలు పంచుకొన్నవి. 2002లో యానాం, ఎదుర్లంక వంతెన తెరిచిన తరువాత, గౌతమి అవతల కాకినాడ ఉన్నదన్న ధైర్యం ముమ్మిడివరంవైపు గర్భిణులకు తొలిసారి కలిగినది. ఫలితం చిన్నది కాదు. 2004-06లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో లక్ష కాన్పులకు 154 మంది తల్లులు మరణించగా, 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. రేవు దాటలేక పోయిన ప్రాణాలను ఎరిగిన వారికి ఈ రెండు అంకెల మధ్య ఏమున్నదో విప్పి చెప్పనక్కరలేదు. 2019-21 సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 96 కాన్పులు ఆసుపత్రులలోనే.

ఆ సర్వే పుస్తకంలోనే మరొక పంక్తి ఉన్నది. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42 కాన్పులు కడుపు కోసి చేసినవి. ప్రైవేటు ఆసుపత్రులలో 63. ప్రభుత్వాసుపత్రులలో 27కు కొంచెం లోపు. తెలంగాణంలో మొత్తం మీద 60కి పైమాట. దేశపు సగటు 21. నూటికి పదిహేనుకు మించి సిజేరియన్లకు కారణం కనబడదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 1985లోనే చెప్పియున్నది. కడుపుకోత అనే మాటకు మన భాషలో వేరొక అర్థం ఉన్నది. ఆ అర్థం ఎరిగిన జాతి ఈ మాటను ఇంత తేలికగా ఎట్లు తీసికొన్నదో!

దీనికి వైద్యులనొక్కరినే నిందించుట న్యాయం కాదు. ఒంటరి వైద్యురాలు పది మంది గర్భిణులను చూడవలసియున్నప్పుడు, పన్నెండు గంటలు పట్టే నొప్పులకంటె ముప్పావుగంట శస్త్రచికిత్స ఆమెకు సుకరం. సుఖప్రసవంలో ఏదైనా జరిగితే బంధువులు ఆసుపత్రి అద్దాలు పగులగొడతారు. కోస్తే ఎవరూ ఏమీ అనరు. కోతకు రుసుము ఎక్కువన్న మాటా ఉన్నది. ఇవి గాక మనవారి ముహూర్తాల పిచ్చి ఒకటి. ఏ నక్షత్రంలో పుడితే కలెక్టరవుతాడో పంచాంగం చూపించుకొని, ఆ ఘడియకు కత్తి పెట్టమని కోరే కుటుంబాలు తెలుగునాట తక్కువ కాదు. తెలంగాణ ప్రభుత్వం దీనిని మాన్పించుటకు పురోహితులకు కూడ నచ్చజెప్పవలసి వచ్చినది. ఇదీ ఎంపికయే అంటారు. ఎవరి ఎంపిక? జాతకం చూచినవారిదా, డబ్బు కట్టినవారిదా, కోత పడి తరువాతి కాన్పుకు కూడ భయపడుతూ బ్రతుకవలసిన ఆమెదా?

ఎంపిక అన్న మాట మన న్యాయస్థానాలలోనికి వచ్చినది ఆలస్యంగానే. 2009లో సుచితా శ్రీవాస్తవ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు, కనుట, కనకపోవుట అన్న నిర్ణయం రాజ్యాంగపు 21వ అధికరణం ఇచ్చే స్వేచ్ఛలో భాగమని తీర్పు చెప్పినది. ఎక్కడ, ఎవరి చేతిమీదుగా కనుట అన్న ప్రశ్న ఆ కేసులో లేదు. దానిని విచారించినది ఐరోపా మానవహక్కుల న్యాయస్థానం, మరుసటి ఏట. వచ్చిన దేశం హంగరీ. సెమ్మెల్వైస్ పుట్టిన దేశమే. ఇంటిలో కనదలచిన టర్నోవ్‌స్కీ అనే స్త్రీ, తనకు సాయపడే మంత్రసానికి శిక్ష పడవచ్చునన్న భయం చట్టమే కల్పిస్తున్నదనీ, అందువలన తన హక్కు ఉత్త మాటైనదనీ ఫిర్యాదు చేసినది. 2010 డిసెంబరు 14న న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పిచ్చినది. న్యూజీలండులో అంతకు ఇరువది ఏండ్లు ముందే, 1990లో, చట్టాన్ని సవరించి, వైద్యుని ఆజ్ఞ అవసరం లేకుండ మంత్రసానియే తన బాధ్యతపై పురుడు పోయవచ్చునన్నారు. తనను చూచుకొనవలసిన మనిషిని తల్లియే ఎన్నుకొంటుంది. అదే మనిషి గర్భం మొదలు బాలింతతనం వరకు వెంట ఉంటుంది. ఇట్టి పద్ధతిని గూర్చి జరిగిన పదిహేను పరిశోధనలను, 17 వేలకు పైగా తల్లుల అనుభవాన్ని కూర్చి 2016లో పరిశీలించినారు. పరికరాలు పెట్టి లాగే కాన్పులూ, నెలలు నిండని కాన్పులూ వారిలో తక్కువైనవని తేలినది.

హంగరీ స్త్రీ కోరినది కోనసీమ లంకలలోని తల్లి కోరవలెనని నేననను. ఏటి నడుమ ఇంటిలో కనుట మన తాతమ్మలకు స్వేచ్ఛ కాదు, గతిలేమి. మన తల్లికి కావలసిన ఎంపిక వేరు. ఆసుపత్రి భద్రత, మంత్రసాని ఓపిక, ఈ రెండూ ఒకే గదిలో దొరకునా అన్నది ఆమె ప్రశ్న.

దొరకవచ్చునన్న ఆశకు ఇప్పుడు కొంత ఆధారం ఉన్నది. హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి 2011 నుండి నర్సులకు మంత్రసాని విద్యలో ప్రత్యేక శిక్షణ ఇవ్వసాగినది. 2017లో తెలంగాణ ప్రభుత్వం ఆ ఆసుపత్రి, యునిసెఫ్ తోడ్పాటుతో కరీంనగరులో ప్రభుత్వ నర్సులకు పదునెనిమిది నెలల శిక్షణ మొదలుపెట్టినది. కేంద్ర ప్రభుత్వం 2018 డిసెంబరులో దేశమంతటికీ ఇట్టి సేవకు మార్గదర్శకాలు ప్రకటించినది. వారు నేర్చేది చూడండి: నొప్పులు పడుతున్నామెను నడిపించుట, ఇష్టమైన రీతిలో కూర్చుండనిచ్చుట, నడుము రాచుట, తొందరపడకుండుట, ఎప్పుడు వైద్యురాలిని పిలువవలెనో గుర్తెరుగుట. ఈ చివరి దానిని విడిచితే తక్కినవి ఎక్కడో విన్నట్లున్నవి గదా! పట్టికకెక్కని స్త్రీల విద్యను పరదేశపు పాఠ్యగ్రంథాల మీదుగా మనం తిరిగి తెచ్చుకొంటున్నాము.

2023 ఆగస్టులో పార్లమెంటు జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషను చట్టం చేసి, 1947 నాటి చట్టాన్ని రద్దుపరచినది. 1947లో చట్టపు పేరునుండి జారిన స్త్రీ డెబ్బదియారేండ్లకు తిరిగి పేరులోనికి వచ్చినది. ఈసారి ఆమెను నర్సుకు తోకగా గాక, వేరొక వృత్తి గల మనిషిగా చట్టం నిర్వచించినది. రాష్ట్రాలు తమ తమ కమిషనులను ఏర్పరచి, చదువులను, పట్టికలను నడుపవలెను. కాని చట్టం నిర్వచించిన మాత్రాన కొత్తపేట ఆసుపత్రిలో ఉద్యోగం పుట్టదు. శిక్షణ పొందివచ్చిన నర్సును పురిటిగదిలో నిలుపక, ఆ వారమే మరొక వార్డుకు మార్చివేస్తే పదునెనిమిది నెలల చదువు వృథా. ఆమె స్వయంగా ఏమి చేయవచ్చునో, ఏది వైద్యురాలికి విడువవలెనో వ్రాతపూర్వకంగా లేకపోతే, బంధువుల కోపానికీ వైద్యుల అనుమానానికీ నడుమ ఆమె నలిగిపోతుంది. ఈ సంగతులు చట్టంలో కాక, చట్టం వెంట వచ్చే నియమాలలో, జిల్లా కార్యాలయపు ఉత్తర్వులలో తేలుతాయి. అందుచేతనే వానిని ఎవరూ చదువరు.

కోనసీమ 2022 ఏప్రిల్ 4న వేరు జిల్లా అయినది. ఆ జూలైలోనే గోదావరి ఉప్పొంగి, పి.గన్నవరం మండలంలోని ఊడిమూడిలంక, జి.పెదపూడిలంక, బూరుగులంక, అరిగెలవారిపేటల దారి నీట మునిగి, మరల నావలే దిక్కైనవి. ఇప్పుడు వరద హెచ్చరిక రాగానే నెలలు నిండిన వారిని ముందుగా పడవలలో ఆసుపత్రులకు తరలిస్తున్నారు. మంచి పని, పూర్వం లేని పని. అయితే ఆ పడవ ఎక్కే పిల్ల వెంట ఎవరు పోతారు? తల్లి పోతే ఇంటివద్ద పశువులు, చిన్నపిల్లలు. భర్త పోతే పురిటిగదిలోనికి రానీయరు. నొప్పులు వచ్చేవరకు అయిదారు దినాలు పరాయి ఊరిలో, పేరు తెలియని వారి మధ్య ఒంటరిగా పడియుండుటకంటె వరదనే నమ్ముకొందునని మొండికేసే పిల్లలు ఉంటారు. వారిని మూర్ఖులని విసుగుకొనుటకు ముందు, మోకాళ్లమీద పడిన ఆ వియన్నా స్త్రీలను ఒకసారి తలచుకొనవలెను.

దీనికి ఒక చిన్న దారి ప్రభుత్వం చేతనే తెరిచియున్నది. 2016 ఫిబ్రవరిలో కేంద్ర ఆరోగ్యశాఖ, ప్రభుత్వాసుపత్రులలో నొప్పులు పడే స్త్రీ వెంట ఒకరిని తోడుగా ఉండనీయవచ్చునని ఉత్తర్వు చేసినది. ఆ తోడు స్త్రీ తాను ఒక కాన్పు ఎరిగినదై ఉండవలెను, అంటురోగం లేనిదై, శుభ్రమైన బట్టలు కట్టినదై ఉండవలెను. వైద్యుల పనికి అడ్డు రాక, చివరివరకు వదలక ఉండవలెను. చుట్టమే కావలెనన్న పట్టుదల తగ్గించి, గర్భిణి కోరిన స్త్రీని ఎవరినైనా రానిస్తే, లంకలలో ఇంకా మిగిలియున్న ముసలి మంత్రసానులు ఒకరిద్దరు ఆ పిల్లల వెంట పడవ ఎక్కవచ్చును. ఉత్తర్వు అడిగిన లక్షణాలలో వారికి లేనిది ఏదీ లేదు. చేతులు కడుగుకొనుట ఎట్లాగో ఆసుపత్రి వారు నేర్పగలరు. రానుపోను నావ కూలి, ఆ దినాలకు భోజనం ఎవరు పెట్టుకోవలెనన్నది పంచాయతీ తేల్చవలసిన సంగతి.